సారయ్య మోకాలు

మా ఇంటి కుక్కకు పేరు పెట్టే పని నా మీద పడింది. తెలుగు పాఠం చెప్పేవాడు ఇంట్లో వుండగా టైగరనీ టామీ అనీ పిలవడం నామోషీ అనిపించి, ఆదిపర్వంలో జనమేజయుడి యజ్ఞశాల దగ్గర దెబ్బలు తిన్న సరమ కొడుకును తలుచుకుని 'సారమేయుడు' అన్నాను. పిల్లలు రెండు రోజులు నోరు తిప్పుకుని మూడో రోజుకు 'సారయ్య'ను చేశారు. జనగామలో సారయ్యలకు కొదవ లేదు. మాకు పాలు పోసే ఆయన పేరు కూడా సారయ్యే. పొద్దున్నే మా ఆవిడ "సారయ్యా, ఆ చెప్పు వదులు" అని కేకవేస్తే గేటు దగ్గర ఆయన ఉలిక్కిపడి తన కాళ్లవంక చూసుకున్న సందర్భాలు వున్నాయి. ఆయన మంచివాడు కనుక పాలలో నీళ్లు పెంచలేదు.

మా సారయ్య లాబ్రడార్ జాతివాడు. వయస్సు ఐదేండ్లు, బరువు 41 కిలోలు. ఆ బరువు మాకు గర్వకారణంగా వుండేది. ఇంటికి వచ్చినవాళ్లు "దూడ లెక్క వున్నడు" అంటే, వాళ్లు గేటు దాటగానే మా అమ్మ వాడికి దిష్టి తీసేది. వాడి ముఖ్యమైన ఉద్యోగం కోతులను తోలడం. జనగామైనా, మానుకోటైనా, భూపాలపల్లి అయినా మా వైపు కోతుల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. పెరట్లో కాసిన జామకాయ ఇంటివాళ్ల నోట పడితే అది గొప్ప.

క్రిందటి దసరాకు పదిహేను రోజుల ముందు ఒక ఉదయం కోతుల మంద డాబా మీదికి దిగింది. సారయ్య మెట్లెక్కి తరిమాడు. అవి పిట్టగోడ మీదినుంచి వేపచెట్టు మీదికి దూకాయి. వాటిని కింద పట్టుకుందామని వాడు దడదడ దిగివస్తూ ఆఖరి నాలుగు మెట్లూ ఒక్క దూకున దాటాడు. పడలేదు, అరవనూ లేదు. కాని కుడి వెనక కాలు నేలకు ఆనించకుండా, వేళ్ల కొసలు మాత్రం తాకిస్తూ నిలబడి, ఇదేమిటన్నట్టు నావంక చూశాడు.

నాలుగు రోజులు పసుపు పట్టు వేశాము. ఐదో రోజుకు తగ్గినట్టే అనిపించింది. ఆరో రోజు వీధి చివరిదాకా నడిపించాను, మళ్లీ కాలెత్తాడు. కూర్చునేటప్పుడు ఆ కాలిని మడవకుండా, బెంచీ మీద కూర్చున్న చిన్నపిల్లవాడిలాగా పక్కకు చాచి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇందులో ఎంత అర్థం వున్నదో అప్పుడు నాకు తెలియదు.

ఒక ప్రైవేటు వైద్యశాలకు తీసుకుపోయాను. ఎక్స్‌రే తీశారు. వైద్యుడు ఫోటోను వెలుతురుకు పట్టి చూపించాడు. "రెండు తుంట్లూ చెడిపోయినయి. గిన్నెలో గుండు సరిగ్గా కూర్చోవడం లేదు. తొడ ఎముక తల కోసి తీసేయాలి" అన్నాడు. చూస్తే నిజమే. గిన్నె లోతుగా వుండవలసింది పళ్లెంలాగా వుంది. పెద్ద జాతి కుక్కలకు వంశపారంపర్యంగా, పెరిగే వయస్సులో వచ్చే లోపం ఇది. 1935లో అమెరికాలో ష్నెల్లె అనే పశువైద్యుడు దీన్ని గురించి మొదట రాశాడు. లాబ్రడార్లలోనూ అల్సేషియన్లలోనూ ఇది చాలా మామూలు. దసరా వెళ్లిన సోమవారానికి ఆపరేషన్ అని నిర్ణయించి, కొంత సొమ్ము ముందుగా కట్టి వచ్చాను.

ఈ వార్త కాలేజీలో పొక్కింది. స్టాఫ్ రూములో ఒక మిత్రుడు టీ తాగుతూ, "ఎందుకండీ ఈ తద్దినం? ఊరి బయట మామిడితోటలో వదిలేస్తే వాడి బతుకు వాడు బతుకుతాడు" అన్నాడు. చెడ్డవాడు కాదు, లోకంలో చాలామంది చేసే పనే చెప్పాడు. కాని ఇరవై ఏండ్లుగా నేను పిల్లలకు ధర్మరాజు వెంట నడిచిన కుక్కను గురించి చెబుతున్నాను. స్వర్గం రథం వచ్చి నిలబడినా ఆ కుక్కను వదిలి ఎక్కనన్నాడని గొంతు పెంచి మరీ చెబుతాను. ఇప్పుడు మామిడితోట మాట ఆలోచించాలన్నా మొహం చెల్లలేదు. అయితే ధర్మరాజు కుక్క కుంటిది కాదు, ఆయనకు ఆపరేషను బిల్లూ రాలేదు. ఈ రెండు విషయాలూ నేను గమనించకపోలేదు.

దసరాకు అందరూ మా ఇంటికే వచ్చారు. భూపాలపల్లి నుంచి మా అన్నయ్య, వదినె. మహబూబాబాద్ నుంచి చెల్లెలు, బావ. ఒకప్పుడు అందరమూ వరంగల్లు జిల్లావాళ్లమే. 2016 దసరా నాడు మూడు ఊళ్లూ మూడు జిల్లాలకు ముఖ్య పట్టణాలైనవి. అప్పటినుంచి మా ఇంట్లో ఏ విషయం మీదనైనా మూడు అభిప్రాయాలు వుండటం జిల్లాల విభజన ఫలితమేనని బావ వేళాకోళం చేస్తాడు. ఈసారి ఆయన మాటే నిజమైంది.

మా అన్నయ్య సింగరేణి బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాడు. పని ఆలస్యం చేస్తే ఆయనకు నచ్చదు. "ఆలోచించేదేముంది? కోయించు" అన్నాడు. ఆయన మాటకు ఆధారం ఆయన ఇంట్లోనే వుంది. రెండేండ్ల క్రిందట వాళ్ల రాజును మోటారుసైకిలు కొట్టింది. తుంటి గుండు గిన్నెలోంచి జారిపోయింది. మత్తు ఇచ్చి రెండుసార్లు లోపలికి కూర్చోబెట్టి కట్టు కట్టారు, రెండుసార్లూ జారింది. చివరకు ఎముక తలనే తీసేశారు. ఇప్పుడు రాజు కాలనీ అంతా తిరుగుతాడు. కొద్దిగా ఒరిగినట్టు నడుస్తాడు, అంతే.

"తల తీసేస్తే కాలు దేనికి ఆనుతది బావా?" అని మా బావ అడిగాడు.

దానికి సమాధానం విచిత్రమైనదే. దేనికీ ఆనదు. ఎముక తల లేనిచోట చుట్టూ వున్న కండ, మానిన పుండు తాలూకు గట్టి పొర కలిసి ఒక దొంగ కీలుగా తయారవుతాయి. ఆ కీలు బాగా కుదరాలంటే కాలు వాడుతూ వుండాలి. అందుకే ఆ ఆపరేషన్ అయిన కుక్కను నొప్పి కొంచెం తగ్గగానే నడిపించమంటారు. మా అన్నయ్య మూడో రోజునుంచే రాజును పట్టుకుని నడిపించాడట. "పండబెడితే చెడిపోతది. నడిపియ్యాలె" అని వేలు చూపించి మరీ చెప్పాడు. ఆ వేలును పాఠకులు కొంచెం జ్ఞాపకం పెట్టుకోవాలి.

చెల్లెలి వాదం దీనికి పూర్తిగా విరుద్ధం. వాళ్లకు ఐదు కిలోల పొమరేనియన్ వుంది. అది కూడా ఒకసారి మంచం మీదనుంచి దూకి కాలెత్తింది. మోకాలిలో తాడు తెగిందన్నారు. ఆరు వారాలు కదలనివ్వకుండా చూసుకున్నారు, నయమైపోయింది. "కత్తి ఎందుకన్నా? కొన్నాళ్లు కట్టేసి వుంచు. అదే సర్దుకుంటుంది" అన్నది. బావ ఒక అడుగు ముందుకు వేసి, తన మోకాళ్ల నొప్పి మాత్రలు జేబులోంచి తీసి, సగం ముక్క పెరుగన్నంలో పెడదామన్నాడు. అదృష్టవశాత్తూ అప్పుడే భోజనాలకు పిలిచారు.

ఈ చర్చ జరుగుతున్నంతసేపూ మా అమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమెకు 74 ఏండ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయినవనీ, మార్పించాలనీ రెండేండ్ల క్రిందటే డాక్టర్లు చెప్పారు. మొదట ఆమె భయపడింది. తరువాత మాకు డబ్బు కుదరలేదు. కుదిరిన తరువాత మళ్లీ ఆమె వద్దన్నది. ఈ సంగతి ఎవరూ పైకి అనలేదు గాని గదిలో అందరికీ అదే తోస్తున్నది. తల్లి మోకాలు అట్లా వుండగా కుక్క కాలికి ఆపరేషన్ చేయించిన కొడుకని రేపు నలుగురూ అంటారు. నాకు అన్నం సహించలేదు.

మరునాడు జమ్మి ఆకు ఇచ్చి దండం పెట్టడానికి నా పాత విద్యార్థిని ఒకతె వచ్చింది. ఇంటర్మీడియెట్‌లో నా దగ్గర తెలుగు చదివిన పిల్ల. సంధులంటే గడగడలాడేది. సవర్ణదీర్ఘానికీ గుణానికీ తేడా తెలియక రెండు పరీక్షల్లో నన్ను ఏడిపించింది. తరువాత పశువైద్యం చదివి డాక్టరైంది. వాకిట్లో పడుకున్న సారయ్య లేచి మూడు కాళ్ల మీద ఎదురు రావడం చూసి, ఆమె కాఫీ సంగతి మరచిపోయి అక్కడే కూర్చుండిపోయింది.

ఎక్స్‌రే చూపించాను. వైద్యుడు చెప్పిందీ చెప్పాను. ఆమె ఫోటోను అటూ ఇటూ తిప్పి, "సార్, ఇందులో ఏ తుంటి ఎక్కువ చెడింది?" అని అడిగింది.

అంచున వున్న గుర్తు చూసి, "ఎడమది" అన్నాను.

"వాడు ఎత్తుతున్నది ఏ కాలు?"

కుడిది. ఆ ఫోటో పది రోజులుగా నా బల్ల మీద వుంది. వచ్చినవాళ్లందరికీ చూపించాను. సారయ్య అదే గదిలో కుడి కాలు ఎత్తుకునే తిరిగాడు. ఒక్కరికీ ఈ ప్రశ్న తోచలేదు. అక్షరం అక్షరం పట్టి పిల్లల తప్పులు దిద్దేవాణ్ణి, నాకూ తోచలేదు.

ఆమె వాణ్ణి గచ్చు మీద పక్కకు పడుకోబెట్టింది. రెండు తొడలూ చేతులతో పట్టి చూసింది. కుడి తొడ సన్నబడింది. మోకాలు లోపలివైపు గట్టిగా ఉబ్బి వుంది. అప్పుడు ఒక చేత్తో తొడ ఎముకను కదలకుండా పట్టి, రెండో చేత్తో మోకాలి కింది ఎముకను మెల్లగా ముందుకు నెట్టింది. బల్ల సొరుగు లాగినట్టు ఆ ఎముక ముందుకు జారింది. నేను కళ్లారా చూశాను. ఈ పరీక్షకు సొరుగు పేరే పెట్టారట. కొన్ని కుక్కలు బిగదీసుకుంటాయి, వాటికి మత్తు ఇచ్చి చూడాలి. మావాడు మాత్రం ఆమె చేయి నాకుతూ పడుకున్నాడు.

"తుంటి కాదు సార్, మోకాలు. తుంటి లోపం చిన్నప్పటినుంచీ వున్నదే. దానితో వాడు ఇన్నాళ్లూ బాగానే పరుగెత్తాడు. ఇప్పుడు తెగింది మోకాలి లిగమెంటు."

ఈ పొరపాటు మా ఒక్కరికే జరిగింది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో 1994-2003 సంవత్సరాల మధ్య తుంటి జబ్బు వల్ల కుంటుతున్నవని పంపిన 369 కుక్కలను పరిశీలిస్తే, వాటిలో ఇంచుమించు మూడో వంతుకు మోకాలి లిగమెంటు పూర్తిగానో కొంతో తెగి వున్నది. పెద్ద కుక్కకు ఫోటో తీస్తే తుంటి లోపం ఎట్లాగూ కనబడుతుంది. లిగమెంటు మాత్రం ఎక్స్‌రేలో కనబడదు. కనబడినదాని మీదనే తప్పు మోపడం మనిషి స్వభావం. సోమవారం నాడు నేను అక్కడికి పోయివుంటే సారయ్య తొడ ఎముక తల పోయేది, మోకాలు మాత్రం అట్లాగే వుండేది.

ఆ సాయంత్రమే ఫోను చేసి ఆపరేషన్ వద్దన్నాను. ముందు కట్టిన సొమ్ము సంగతి వాళ్లు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక మోకాలి సంగతి. క్రికెట్ ఆటగాళ్లకు తెగే లిగమెంటే ఇది. అయితే మనుషులకు ఒక్క దెబ్బతో తెగుతుంది. కుక్కలకు చాలావరకు అట్లా కాదు. చేదబావి తాడు రోజూ గిలక మీద ఒరుసుకుని పోగులు పోగులుగా తెగివచ్చి, ఒకనాడు నిండు బొక్కెనతో పుటుక్కుమంటుంది చూడండి, అట్లాగే నెలల తరబడి పేలికలై వుంటుంది. మెట్ల మీది దూకు ఆఖరి బొక్కెన మాత్రమే. అందుకే ఒక మోకాలు తెగిన కుక్కల్లో ఇంచుమించు సగానికి కొంతకాలానికి రెండోది కూడా తెగుతుందంటారు. ఈ మాట విని మా ఆవిడ అక్కడినుంచి లేచిపోయింది.

మా శిష్యురాలు పాత కాగితం ఒకటి అడిగి తీసుకుని ఒక ఎద్దుల బండి బొమ్మ వేసింది. కుక్క మోకాలి కింది ఎముక పైభాగం బల్లపరుపుగా వుండదు, వెనకకు వాలి వుంటుంది. దాని మీద తొడ ఎముక నిలబడటం చెరువుకట్ట వాలు మీద బండి నిలబెట్టినట్టే. బండి జారకుండా పట్టుకున్న పగ్గమే లిగమెంటు. పగ్గం తెగితే అడుగు వేసిన ప్రతిసారీ ఎముక మీద ఎముక జారుతుంది. మధ్యన నెలవంకల్లాంటి రెండు మెత్తటి దిండ్లున్నాయి. జారుడులో అవి నలిగి చినుగుతాయి, కీలు అరుగుతుంది.

దీనికి దారులు కొన్ని వున్నాయి. కొత్త పగ్గం కట్టడం ఒకటి. 1952లో హెల్సింకిలో పాత్సామా అనే ఆయన కుక్క తొడ మీది పొరలోంచి పట్టీ తీసి లోపల పగ్గంగా కట్టే పద్ధతిని గురించి రాశాడు. ఇప్పుడు కీలు బయటినుంచి గట్టి దారం బిగిస్తారు. ఖర్చు తక్కువ. తేలిక కుక్కలకు బాగా పనిచేస్తుంది. 41 కిలోల బండికి ఆ దారం సాగడం, తెగడం జరగవచ్చు. ఇంకొకటి, పగ్గం సంగతి వదిలిపెట్టి కట్టనే చదును చేయడం. అమెరికాలో స్లోకమ్ అనే పశువుల సర్జను 1993లో దీన్ని ప్రకటించాడు. కింది ఎముక పైభాగాన్ని వంపుగా కోసి, వాలు తగ్గేదాకా తిప్పి, లోహపు ప్లేటూ స్క్రూలూ వేసి బిగిస్తారు. టి.పి.ఎల్.ఓ. అంటారు. ఇక బండి తనంత తానే నిలుస్తుంది, పగ్గంతో పని లేదు. దానికి తగ్గట్టే ఖర్చు. ఆ డబ్బుతో ఓ మంచి స్కూటరు వస్తుంది.

మరి చెల్లెలి పొమరేనియన్ ఏ ఆపరేషనూ లేకుండా ఎట్లా బాగుపడింది? ఇదే అడిగాను. 1984లో వాసర్ అనే ఆయన ఆపరేషన్ చేయని 85 కుక్కల సంగతి ప్రచురించాడు. 15 కిలోలకు లోపువి 28. వాటిలో 24 బాగుపడినవి, లేదా మెరుగైనవి. 15 కిలోలు దాటినవి 57. వాటిలో 11 మాత్రమే. చెల్లెలు చెప్పింది అబద్ధం కాదు. ఆమె కుక్క విషయంలో అది నిజం. అన్నయ్య చెప్పిందీ నిజమే, రాజు తుంటి విషయంలో.

లెక్క అంతటితో తేలిందా అంటే తేలలేదు. 2013లో అమెరికాలోని మిన్నెసోటాలో లావెక్కిన 40 పెద్ద కుక్కలను రెండు జట్లు చేశారు. అన్నిటికీ బరువు తగ్గించారు, వ్యాయామం చేయించారు, నొప్పికి మందు ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం ఆపరేషన్ కూడా చేశారు. ఏడాది తరువాత ఆపరేషన్ అయినవాటిలో మూడు వంతులు బాగున్నవి. కానివాటిలో సుమారు మూడింట రెండు వంతులు బాగున్నవి. తేడా వుంది గాని భూమ్యాకాశాల తేడా కాదు. ఈ లెక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు. డబ్బు చూసుకునేవాడికి ఒక సాకు దొరికినట్టే గదా! ఆ జట్టులో మూడో వంతు బాగుపడనివి కూడా వున్నాయని తెల్లవారుజామున గుర్తుకు వచ్చింది. మావాడు అందులో చేరడని ఎవరు చెప్పగలరు?

మా శిష్యురాలు మళ్లీ వచ్చినప్పుడు ఈ లెక్కలన్నీ చెప్పాను. ఓపికగా విన్నది. ముందుగా బావ మాత్రల సంగతికి గట్టిగానే కోప్పడింది. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్ వంటివి, కుక్క కడుపులో పుండ్లు చేస్తాయనీ, మూత్రపిండాలు దెబ్బతీస్తాయనీ, కుక్కల మాత్రలు వేరే వున్నాయనీ చెప్పింది. తరువాత అన్నది:

"సార్, డబ్బు సంగతి మీరు చూసుకుంటారు. నేను అడిగేది ఒక్కటే. ఎముక కోసి ప్లేటు వేస్తే అది అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లు వాడు దూకకూడదు, మెట్లెక్కకూడదు, నున్నటి బండల మీద జారకూడదు. బయటికి పోయినా పట్టీతోనే పోవాలి. పగలంతా ఇంట్లో వాడి దగ్గర ఎవరుంటారు?"

నాకు కాలేజీ. మా ఆవిడకు బడి. పిల్లలకు చదువులు. అన్నయ్య చెప్పినట్టు నడిపించే వైద్యమైతే ఉదయం సాయంత్రం ఎట్లాగో చేసేవాళ్లం. ఇది నడవనివ్వకుండా చూసే వైద్యం. తుంటికి ఏది మందో, మోకాలికి మొదటి వారాల్లో అదే విషమన్నమాట. ఈ పని కుదరకపోతే ప్లేటు వేయించి ప్రయోజనం లేదు.

అందరం ఊరుకున్నాం. అప్పుడు గోడ దగ్గరినుంచి అమ్మ మాట్లాడింది.

"నేను జూస్త. నేనేడికి పోత? నాకూ కాలు రాదు, దానికీ రాదు."

"అమ్మా, ముందు నీ మోకాళ్లు..." అని నేను మొదలుపెట్టాను. రెండు వారాలుగా మింగుకుంటున్న మాట అది.

"నా ముచ్చట తర్వాత జూద్దాం బిడ్డా. ముందుగాల దాన్ని కానియ్యి. సంక్రాంతికి సకినాలు చుడుతుంటే కోతులను ఎవలు తోలుతరు, నువ్వు తోలుతవా?"

నేను తోలలేనని ఇంట్లో అందరికీ తెలుసు.

జనగామ నుంచి హైదరాబాదు 85 కిలోమీటర్లు. కారు వెనక సీటులో పరుపు వేసి పడుకోబెట్టి తీసుకుపోయాము. అక్కడి సర్జను మత్తులో మళ్లీ పరీక్షించి మోకాలే అన్నాడు. తెరిచి చూస్తే లోపలి దిండు ఒకటి కొంత చినిగి వున్నది, ఆ ముక్క తీసేశారు. తెల్లవారి సారయ్య బయటికి వచ్చినప్పుడు కుడి తొడ మీద వెంట్రుకలన్నీ గొరిగి వున్నాయి. మెడకు పుండు నాకకుండా గరాటు వంటి ప్లాస్టిక్ పట్టీ కట్టారు. నన్ను చూసి తోక వూపబోయి, గరాటు తలుపుకు కొట్టుకుని ఆగిపోయాడు.

తరువాతి మూడు నెలల్లో చెప్పుకోదగిన సంఘటనలు లేవు. లేకుండా చూడటమే వైద్యం. ముందు గదిలో బండల మీద గోనెపట్టలు పరిచాము. మెట్లకు అడ్డంగా బల్ల కట్టాము. ఒంటికీ రెంటికీ తీసుకుపోవాలంటే మా ఆవిడ పాత నేత చీర కడుపు కిందినుంచి వేసి, వెనక భాగం బరువు చేతుల మీద ఆపుతూ నడిపించాలి. నాలుగో రోజున వేళ్లు నేలకు తాకించాడు. పదమూడో రోజున కుట్లు తీశారు. భూపాలపల్లి నుంచి వారానికి రెండుసార్లు ఫోను వచ్చేది. "నడిపిస్తున్నవా లేదా?" అని అన్నయ్య కసురుకునేవాడు. ఆయనకు తుంటికీ మోకాలికీ తేడా వివరించడం పిల్లలకు గుణసంధి చెప్పడం కంటే కష్టమైంది.

పెద్ద యుద్ధం అన్నం దగ్గర జరిగింది. వాడు 33 కిలోలకు మించకూడదని సర్జను తేల్చి చెప్పాడు. లాబ్రడార్ల మీదనే జరిగిన ఒక పరిశీలన గురించి ఆయనే చెప్పాడు. ఒకే ఈతలో పుట్టిన కుక్కలను జతలు జతలుగా తీసుకుని, మొత్తం 48 కుక్కలను జీవితాంతం గమనించారు. జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక వంతు తక్కువ తిండి పెట్టారు. 2002లో ఫలితాలు ప్రకటించారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేండ్లు ఎక్కువ బతికాయి, వాటి తుంటి కీళ్లు కూడా ఆలస్యంగా అరిగాయి. "దూడ లెక్క" అని మేము మురిసిపోయిన ఆ ఎనిమిది కిలోలు వాడి మోకాలి మీద మేము పెట్టిన బస్తా అన్నమాట.

నెయ్యి అన్నం మానేశాము. కీర దోసకాయ ముక్కలు, క్యారట్లు అలవాటు చేశాము. పదిహేను రోజులకొకసారి బియ్యం దుకాణం కాంటా మీద నిలబెట్టి తూచేవాళ్లం. షావుకారు మొదట అభ్యంతరం చెప్పాడు గాని, తరువాత తనే పందెం కాసేవాడు. నవంబరులో రెండు వారాలు ముల్లు కదలలేదు. విచారించగా, మధ్యాహ్నం అమ్మ తన పళ్లెంలోది ముద్ద ముద్దగా గరాటులోకి జారవిడుస్తున్నదని తేలింది. "నోరు లేని జీవి అట్ల జూస్తుంటే ఎట్ల తింట?" అన్నది. పళ్లెం పట్టుకుని వంటింట్లో కూర్చోమన్నాము. అప్పటినుంచి ముల్లు దిగింది.

పగలంతా వాళ్లిద్దరే. అమ్మ నవారు మంచం మీద, వాడు మంచం కోడుకు కట్టిన పట్టీతో కింద. ఎనిమిదో వారం ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు కనబడింది. ఆనాటినుంచి రోజుకు ఐదు నిమిషాలు, తరువాత పది నిమిషాలు మెల్లగా నడిపించమన్నారు. వేగంగా నడిస్తే వాడు మళ్లీ మూడు కాళ్ల మీదికి వస్తాడు, మెల్లగా నడిస్తేనే నాలుగో కాలు పెడతాడు. అంత మెల్లగా నడవడం మా ఇంట్లో అమ్మకొక్కతెకే చేతనవును. ఆమె చేతికర్ర, వాడి పట్టీ. వాకిలినుంచి జామచెట్టు దాకా, మళ్లీ వాకిలి దాకా. ఫోటో చూసి వచ్చిన రాత్రి ఆమె, ప్లేటు ఎక్కడ వున్నదో చూపించమని అడిగి, తన మోకాలి చిప్ప మీద చేయి పెట్టుకుని, "నాకు గూడ గిట్లనే ఏస్తరా?" అన్నది. మనుషులది వేరని చెప్పాను. "సరే, పండుగ కానియ్యి, పోదాం" అన్నది. నేను అప్పటికప్పుడే డాక్టరు దగ్గర తారీకు అడిగి రాసిపెట్టుకున్నాను.

సంక్రాంతికి ముందు రోజు వాకిట్లో తెల్లగుడ్డ పరిచి అమ్మ సకినాలు చుడుతున్నది. కింద కూర్చోలేదు గనుక ఎత్తు పీట వేసుకుని, బల్ల మీద చుట్టి గుడ్డ మీదికి మార్చడం ఆమె ఏర్పాటు. సారయ్య పక్కన పడుకుని వున్నాడు, 35 కిలోలు. ఇంకా రెండు తగ్గాలి. గోడ మీద మొదట ఒక కోతి తల కనబడింది, తరువాత నాలుగు. వాడు లేచాడు. నాలుగు కాళ్ల మీదనే లేచాడు. అదే సమయానికి పాల సారయ్య గేటు తోసుకుని వచ్చి, కోతులను చూసి, పాల క్యాను కింద పెట్టి, మూల వున్న కర్ర అందుకుని ఒక్క అంగలో ముందుకు వచ్చాడు.

"సారయ్యా, దుంకకు!" అని అమ్మ కేక వేసింది.

ఇద్దరూ ఆగారు.